రింగు కింద చోటు

పదమూడో ఏట నేను మా నాయిన కంటే పొడుగైపోయాను. మా ఊరు కోదాడకు దగ్గర, అనంతగిరి మండలంలో ఉంటుంది. ఆ ఊళ్లో ఆడపిల్ల పొడుగు పెరిగితే అది ఇంట్లో వాళ్లకు ఒక దిగులు. బడికి పోతుంటే వెనక నుంచి ఎవరో ఒకరు నిచ్చెన అని పిలిచేవాళ్లు. చర్చిలో నేను ముందు కూర్చుంటే పాస్టర్ గారు కనిపించడం లేదని ఒక పెద్దమ్మ గొణిగింది. ఆ తరవాత ప్రతి ఆదివారం చివరి వరసలో గోడ వారగా కూర్చునేదాన్ని. నడుము కొంచెం వంచి, భుజాలు ముందుకు ముడుచుకుని నడవడం ఎవరూ నేర్పకుండానే అలవాటైంది.

అమ్మ కూలికి పోయేది. నాట్లు, కలుపు, మిర్చి ఏరడం, కాలాన్ని బట్టి ఏది దొరికితే అది. నాయిన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో హమాలీ. ఆదివారాలు ఇంటికి వచ్చేవాడు. వచ్చి నన్ను తలెత్తి చూసి, కాళ్లు కడుక్కోవడానికి పోయేవాడు.

ఎనిమిదో తరగతికి నన్ను సూర్యాపేటలో ఆడపిల్లల హాస్టల్ బడిలో వేశారు. అక్కడ ఆటల మేడం ఒకావిడ ఉండేది. మనిషి పొట్టి, గొంతు మాత్రం గ్రౌండు అవతలి గోడకు తగిలేది. బళ్లో అడుగుపెట్టిన మొదటి వారంలోనే ఆమె వెనక నుంచి వచ్చి నా వీపు మీద అరచేత్తో ఒకటి వేసింది.

"నడుము నిలబెట్టు. దేవుడిచ్చిన దాన్ని దాసిపెట్టుకుంటవేందే" అంది.

అప్పటిదాకా నా పొడుగును ఎవరూ ఇచ్చిన వస్తువుగా మాట్లాడలేదు. ఆ సాయంత్రమే నన్ను పగుళ్లు బారిన సిమెంటు కోర్టులో, వల లేని రింగు కింద నిలబెట్టింది. నాకు బంతి పట్టడం కూడా రాదు. మొదటి నెలంతా ఆమె నాతో బంతి వేయించలేదు. వేరే పిల్లలు వేసిన బంతి రింగుకు తగిలి ఎటు పడుతుందో చూడమనేది. ఎదుటి జట్టు పిల్లకు ఒళ్లు అడ్డం పెట్టి, ఆ పిల్లను రింగుకు దూరంగా ఆపి, పడే బంతిని అందుకోవడం. దాన్నే రీబౌండ్ అంటారు. బాస్కెట్‌బాల్‌లో సెంటర్ ఆడే మనిషికి అదే ముఖ్యమైన పని. "బాల్ నీ దగ్గరికి రాదు. అది పడే జాగకు నువ్వే ముందు పోవాలె" అని రోజూ అనేది. నేను పోయాను. కొన్ని నెలల్లో ఆ రింగు కింద నన్ను జరిపే పిల్ల ఆ బడిలో లేకుండా పోయింది.

ఆ తరవాతవన్నీ త్వరత్వరగా జరిగాయి. జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, హైదరాబాద్‌లో స్పోర్ట్స్ హాస్టల్. డిగ్రీలో ఉండగానే చెన్నైలో ఒక సంస్థ తన మహిళల జట్టుకు నన్ను తీసుకుంది. ఆడటమే ఉద్యోగం, దానికే జీతం. కానీ కాంట్రాక్టు. ప్రతి ఏడాదీ మళ్లీ రాయించుకోవాలి. రెండు మూడేళ్లు బాగా ఆడితే పర్మినెంట్ చేస్తామని చేరేటప్పుడే చెప్పారు. ఆట ఆడితే జీతమిస్తారని మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. నేను అక్కడేదో ఆఫీసులో పని చేస్తున్నానని, తీరికగా ఉన్నప్పుడు ఆడుతున్నానని అమ్మ చాలాకాలం అనుకుంది.

ఆ సంవత్సరాల గురించి చెప్పాలంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తెల్లారక ముందే గ్రౌండు, పగలు బరువులెత్తడం, సాయంత్రం మళ్లీ గ్రౌండు. రైళ్లలో తిరుగుళ్లు. బెర్తు మీద పడుకుంటే నా కాళ్లు దారిలోకి వచ్చేవి, పోయేవాళ్లు తగిలి తిట్టేవాళ్లు. కాలి గోళ్లు నల్లబడి ఊడిపోయేవి. ఏ ఊరికి ఆడటానికి వెళ్లినా ఆ ఊరు చూసింది లేదు. అయినా బంతి రింగును కొట్టి పైకి లేచినప్పుడు, ఎవరికంటే ముందు నా చేయి దాన్ని అందుకున్నప్పుడు, నేను ఈ భూమ్మీద సరిగ్గా ఉండాల్సిన చోటే ఉన్నాననిపించేది. అలా ఇంకెక్కడా ఎప్పుడూ అనిపించలేదు. మా ఇంట్లో కూడా.

పర్మినెంట్ మాట మాత్రం ఏటికేడు ముందుకు జరిగింది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అన్నారు. నేను నమ్మాను. నమ్మకపోతే ఆడలేను కదా.

మోకాల్లో లిగమెంటు తెగింది ఒక సెమీఫైనల్లో. ఎవరూ నన్ను తోయలేదు, పట్టి లాగలేదు. రీబౌండ్ అందుకుని కిందికి దిగాను, పాదం ఒకవైపు ఉండిపోయింది, ఒళ్లు ఇంకోవైపు తిరిగింది. లోపల ఎండు కంది పుల్ల విరిగినట్టు చప్పుడైంది. అది నాకొక్కదానికే వినపడిందనుకున్నాను. కానీ మా జట్టులో కేరళ పిల్ల, నాకు చాలా దగ్గరి స్నేహితురాలు, పరుగెత్తుకుని వచ్చి నా మొహం చూడకుండా ముందు మోకాలే చూసింది. ఆమెకూ వినపడిందన్నమాట.

ఆపరేషన్ సంస్థే చేయించింది. అది కాదనను. హాస్టల్ గదిలో పడుకుని ఉన్నప్పుడు మేనేజర్ వచ్చి, ముందు బాగా కోలుకోమని, మిగతావి తరవాత చూద్దామని మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాద చూసే నాకు భయమేసింది. అంతకుముందు ఎప్పుడూ నన్ను మీరు అనలేదు. కాంట్రాక్టు గడువు ముగిసింది, మళ్లీ రాయలేదు. నా మంచం ఇంకో పిల్లకు, నా నంబరు జెర్సీ కూడా ఆ పిల్లకే ఇచ్చారు. కేరళ స్నేహితురాలు నా బ్యాగు సర్దింది.

ఒంటి కర్రతో ఇంటికి వచ్చాను. ఇంటి దగ్గర మొదటి కష్టం మరుగుదొడ్డి. మోకాలు వంగదు. నాయిన ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి దాని మధ్యలో రంపంతో కోసి పెట్టాడు. దేశంలో సగం రాష్ట్రాల్లో ఆడి వచ్చినదాన్ని ఆ కుర్చీ దగ్గరికి అమ్మ భుజం పట్టుకుని పోయేదాన్ని. ఊళ్లోవాళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లు. ఇగ ఆట ఖతమైనట్టేనా అని అడిగేవాళ్లు. సంబంధాలు చూస్తున్నారా అని అదే గొంతుతో అడిగేవాళ్లు. పొడుగు, దాని మీద ఇప్పుడు కుంటు, అని ఒకామె బయటికి పోతూ అన్న మాట కిటికీలోంచి వినపడింది.

ఒక ఆదివారం పాస్టర్ గారు నన్ను ముందుకు పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, నా మోకాలి కోసం సంఘమంతా ప్రార్థన చేయాలన్నారు. అందరూ చేతులు చాపి కళ్లు మూసుకున్నారు. అమ్మ నేల మీద మోకాళ్లూని పెద్దగా ఏడ్చింది. నేను కళ్లు మూసుకోలేదు. చివరి వరసలో గోడ వైపు చూస్తూ, ప్రభువా, వీళ్లు అడిగేది నా కాలు నడవాలని, నాకు నడిస్తే చాలదు, ఎగరాలి అని లోపల అన్నాను.

చెన్నైలో నేర్పిన కసరత్తులు ఒక్కరోజు మానకుండా చేశాను. ఇసుక నింపిన సంచి మడమకు కట్టుకుని కాలు లేపేదాన్ని. కర్ర పోయింది, కుంటు పోయింది, ఆ తరవాత మెల్లగా పరుగు వచ్చింది. కానీ ఆడటానికి జట్టు లేదు. చేతిలో ఏదో ఒక పని ఉండాలని సూర్యాపేటలో ఒక పెద్ద షాపింగ్ మాల్లో చేరాను. నన్ను గేటు దగ్గర నిలబెట్టారు. ఆడవాళ్ల బ్యాగులు చూసే పని. పొడుగ్గా ఉన్నావు కాబట్టి దొంగలు భయపడతారని ఓనరు నవ్వాడు. పగలంతా నిలబడటంతో సాయంత్రానికి మోకాలు ఉబ్బేది. చిన్నపిల్లలు నన్ను చూపించి వాళ్లమ్మల చెవిలో ఏదో చెప్పేవాళ్లు. ఆ గేటు దగ్గర నిలబడి, బయట హైవే మీద పోయే బస్సుల్ని చూస్తూ, నా ఒళ్లు అద్దెకున్న ఇల్లులా ఉందని అనుకునేదాన్ని. ఎవరో ఖాళీ చేసి పోయారు, నేను తాళం వేసుకుని కూర్చున్నాను.

అప్పుడు కేరళ స్నేహితురాలు ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ శాఖ మహిళల జట్టు కోసం క్రీడాకారులను తీసుకుంటోందని, అవి పర్మినెంట్ ఉద్యోగాలని, అందులో సెంటర్‌కు ఒకే ఒక్క చోటు ఉందని చెప్పింది. వయసు పరిమితిలో నాకది ఆఖరి ఏడాది. సెలక్షన్ ఎండాకాలం చివర్లో.

మాల్ మానేసి నేరుగా మేడం దగ్గరికి పోయాను. నా మోకాలి సంగతి ఆమెకు తెలుసు, అప్పుడప్పుడు ఫోన్లో అడిగేది. నేను చెప్పిందంతా వింది. టేబుల్ మీది విజిల్‌ను అటూ ఇటూ దొర్లించింది.

"చేసుకో బిడ్డా. కష్టపడేటోళ్లను ఆపేదెవరు" అంది చివరికి.

బడి గ్రౌండులో ప్రాక్టీసు చేసుకోవచ్చా అని అడిగాను. ఇప్పుడు నిబంధనలు గట్టిగా ఉన్నాయని, బయటివాళ్లను లోపలికి రానివ్వడం లేదని చెప్పింది. నన్ను బయటిదాన్ని అన్నందుకు మనసు చివుక్కుమంది. కానీ సెలవుల్లో కూడా హాస్టల్లో పిల్లలుంటారు, ఆమె ఇబ్బందులు ఆమెకుంటాయి అనుకుని లేచి వచ్చేశాను.

మాకు దగ్గర్లో సిమెంటు కోర్టు ఉన్నది కోదాడలో ఒక కాలేజీలోనే. బంతి తీసుకుని పొద్దున్నే బస్సెక్కి పోయాను. గేటు తెరిచే ఉంది. లోపలికి పోయి చూస్తే కోర్టు కనపడలేదు. ఈ చివర రింగు నుంచి ఆ చివర రింగు దాకా వడ్లు పోసి ఉన్నాయి. యాసంగి కోతలయ్యాయి. కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందని వెనక్కి పంపిన వడ్లను చుట్టుపక్కల రైతులు తెచ్చి అక్కడ ఆరబోసుకున్నారు. రెండు ఇనప స్తంభాలు పసుపు పచ్చటి నేలలోంచి మొలిచినట్టున్నాయి. ఒక ముసలాయన, ఆయన భార్య కాళ్లతో వడ్లు నెరుపుతూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తున్నారు.

నేను ఆ అంచు దగ్గరే కూలబడ్డాను. ఏడుపొచ్చింది. సెలక్షన్‌కు మిగిలిన రోజులు వేళ్ల మీదికి వచ్చేశాయి.

ఆ అవ్వ నన్ను చూసి దగ్గరికొచ్చింది. ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే చెప్పాను. ఆటకు ఉద్యోగమిస్తారా అని ఆమె కూడా అడిగింది. ముసలాయన మాత్రం దూరం నుంచే గట్టిగా అన్నాడు.

"మా వడ్లు ఎత్తుమంటే యాడికి ఎత్తాలమ్మా? రోడ్డు మీద పోస్తే లారీలు తొక్కుతయ్. తేమ దిగకపోతే మమ్మల్ని మళ్ల తిరగ్గొడ్తరు."

ఆయన తప్పేమీ లేదు. ఆయన బతుకు కూడా ఆ నేల మీదే ఆరుతోంది. ఎత్తమనడం లేదు తాతా, ఒక రింగు కింద కొంచెం చోటిస్తే చాలు, మీ వడ్లు రోజూ నేనే నెరుపుతాను అన్నాను. ఆయన నా కాళ్ల వైపు, మోకాలి పట్టీ వైపు చూసి తల తిప్పుకున్నాడు. అవ్వే చీపురు తీసుకుని ఒక వైపు వడ్లను లోపలికి నూకడం మొదలుపెట్టింది.

అలా రోజూ పొద్దున్నే పోయి ముందు వడ్లు నెరిపేదాన్ని. ఎండ ముదరక ముందే రింగు కింద ఊడ్చుకుని ఆడుకునేదాన్ని. ఎంత ఊడ్చినా దుమ్ము, నూగు మిగిలేవి. బూటు జారితే మోకాలు మళ్లీ పోతుందని ప్రతి గెంతుకూ ముందు నేల చూసుకునేదాన్ని. బంతి పక్కకు పోయి వడ్లలో పడితే నూగంటి ముల్లుముల్లుగా ఉండేది. ఒంటరిగా రీబౌండ్ నేర్చుకోవడం వట్టి పిచ్చి. నేనే వేసి, నేనే ఎగిరి, నేనే పట్టుకోవాలి. అడ్డం పెట్టడానికి ఎదురుగా ఇంకో ఒళ్లు ఉండదు. అయినా చేశాను. మధ్యాహ్నం అవ్వ తన గిన్నెలోంచి పచ్చడి మెతుకులు పెట్టేది.

సెలక్షన్‌కు వారం ముందు ఒక సాయంత్రం ఉన్నట్టుండి పడమట నల్లబడింది. గాలి లేచింది. కోర్టు మీద వడ్లున్న వాళ్లంతా టార్పాలిన్ పట్టాల కోసం పరుగెత్తారు. తాత ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస పట్టడానికి అవ్వ చాలడం లేదు. నేను బంతి వదిలేసి పరుగెత్తాను. పట్టా గాలికి లేచి నన్ను లాగింది, నేను దాన్ని లాగాను. ఒక కుప్ప కప్పి ఇంకో కుప్పకు, అక్కడి నుంచి ఇంకొకరి కుప్పకు. తడిసిన సిమెంటు మీద, జారే వడ్ల మీద, ముందూ వెనకా చూసుకోకుండా ఉరికాను. అంచుల మీద రాళ్లు పెట్టి, అందరం కాలేజీ వరండాలోకి చేరాక గాని నాకు మోకాలు గుర్తు రాలేదు. చేత్తో తడిమి చూసుకున్నాను. నొప్పి లేదు. వాపు లేదు. నిలబడింది.

ఆ వాన చప్పుళ్లో నేను చాన్నాళ్ల తరవాత నవ్వాను. అవ్వ, తాత తడిసిన వడ్ల గురించి బాధపడుతుంటే పక్కన నేను నవ్వుతున్నందుకు సిగ్గు కూడా వేసింది. నాకు ఉద్యోగం వచ్చేసినట్టే అనుకున్నాను. ఇన్నాళ్లూ నాకు, ఆ చోటుకు మధ్య ఉన్నది మోకాలు ఒక్కటే అని నా నమ్మకం.

సెలక్షన్ రోజు హైదరాబాద్‌లో ఇండోర్ స్టేడియం మెట్ల దగ్గర మేడం కనిపించింది. సూర్యాపేట నుంచి అంత దూరం నా కోసం వచ్చిందనుకున్నాను. పరుగున పోయి చేతులు పట్టుకున్నాను. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. ఆమె వెనక ఒక పిల్ల బ్యాగు పట్టుకుని నిలబడి ఉంది. నాకంటే పొడుగు. పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో. నడుము నిటారుగా ఉంది.

"మన బడిల చదివిన పిల్లనే. సెంటర్ ఆడ్తది" అంది మేడం. నా మొహం చూడలేదు.

ఆ పిల్ల నన్ను అక్కా అంది. మేడం మీ ఫొటో చూపించేది అక్కా అంది. నేనేమన్నానో నాకు గుర్తు లేదు. బడి గ్రౌండు గేటు నాకు ఎందుకు మూసుకుందో అప్పుడు తెలిసింది. ఆ ఎండాకాలమంతా అక్కడ ఈ పిల్ల తయారవుతోంది. ఉన్నది ఒకే చోటు.

మా ఇద్దరినీ ఎదురెదురు జట్లలో వేశారు. సెంటర్‌కు సెంటర్. మొదటి బంతి రింగును కొట్టి లేచింది. అది ఎక్కడ పడుతుందో నాకు తెలుసు. అందరికంటే ముందు నాకే తెలుసు. ఆ చోటికి కదిలాను, అప్పటికే ఆ పిల్ల అక్కడ ఉంది. నా పొట్టకు తన నడుము ఆనించి, మోచేతులు విప్పి, పాదాలు వెడల్పు చేసి. మేడం నాకు నేర్పింది నేర్పినట్టే. ఆ నిలబడటం నాకు లోపలి నుంచి తెలుసు, బయటి నుంచి దాన్ని ఎలా దాటాలో తెలియదు. ఆ బడిలో నన్ను దాటినవాళ్లు లేరు, చూసి నేర్చుకుందామంటే.

తరవాత కూడా అంతే. ఒకటి రెండు బంతులు దక్కాయి. ఒకసారి ఆ పిల్ల మీదుగా వేసి పాయింటు కూడా చేశాను. కానీ నేను ఒకసారి ఎగిరి దిగేలోపు ఆ పిల్ల రెండోసారి ఎగిరేది. నా మోకాలు అంతసేపూ బండలా నిలబడింది. ఒక్కసారి కూడా కలుక్కుమనలేదు. అది విరిగి ఉంటే బాగుండేదని బెంచీ మీద కూర్చున్నప్పుడు అనుకున్నాను. విరిగితే, విరిగిందని చెప్పుకోవచ్చు. నేను ఏ కారణమూ లేకుండా ఓడిపోయాను. కాలం గడిచింది, అంతే.

సాయంత్రం పేర్లు చదివారు. బయట చెప్పుల స్టాండు దగ్గర మేడం నా కోసం ఆగింది.

"ముందే చెప్తే అయిపోతుండె గద మేడం" అన్నాను.

"చెప్తే నువ్వు రాకపోదువు. రాకపోతే జిందగీ మొత్తం నన్ను తిట్టుకుందువు."

"ఒక్కపూట ఆ గ్రౌండుకు నన్ను రానిస్తే ఏం పోయేది? వడ్ల మీద ఆడిన నేను."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు నా పిల్లవే. అది గూడ నా పిల్లనే. ఒక్కటే జాగ ఉన్నప్పుడు నేనేం జెయ్యాలె, నువ్వే చెప్పు" అంది.

బ్యాగు భుజానికి తగిలించుకున్నాను. ఆ పిల్లకు చేయి కలపకుండానే వచ్చేశాను.

ఇంటికి వచ్చి మంచం ఎక్కాను. అన్నం తినబుద్ధి కాలేదు, తల దువ్వుకోబుద్ధి కాలేదు. కసరత్తులు మానేశాను. అమ్మ మళ్లీ సంఘంలో ప్రార్థన పెట్టిస్తానంటే వద్దని అరిచాను, ఆమె బిత్తరపోయి చూసింది. ఒక మధ్యాహ్నం ఎటు పోతున్నానో తెలియకుండా బయలుదేరి సాగర్ కాలువ వంతెన మీద చాలాసేపు నిలబడ్డాను. వానాకాలం సాగుకు వదిలిన నీళ్లు నిండుగా పోతున్నాయి. దూకాలనుకోలేదు. కానీ ఇంటికి తిరిగి పోవాలని కూడా అనుకోలేదు. ట్రాక్టర్ మీద పోతున్న మా ఊరాయన చూసి ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపాడు. అమ్మతో ఏం చెప్పాడో ఏమో, మర్నాడే నాయినకు కబురు పోయింది. నాయిన వచ్చి, నాతో రా అని మాత్రం అని, నన్ను మిర్యాలగూడ తీసుకుపోయాడు.

మిల్లును నేను చిన్నప్పుడెప్పుడో చూశాను. నాయిన బస్తాలు మోస్తుంటాడనే నా తలలో ఉంది. ఆ రోజు చూస్తే ఆయన మోయడం లేదు. ఒక మూల స్టూలు మీద కూర్చుని, నిండిన సంచుల మూతులు చేతి మిషన్‌తో కుడుతున్నాడు. ఊక దుమ్ము ఆయన కనుబొమ్మల మీద తెల్లగా పేరుకుంది. ఎప్పటి నుంచి ఈ పని అని అడిగాను. నువ్వు చెన్నై పోయిన రెండో ఏడు నుంచి అన్నాడు.

మధ్యాహ్నం గేటు బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. నాయిన సాసర్‌లో టీ పోసుకుని ఊదుతూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"బస్తా మీదుండంగ నడుములో టక్కుమన్నది. దవాఖానల ఇగ మొయ్యొద్దన్నరు. నా అసుంటి బలం ఈ మిల్లుల ఎవనికి లేకుండె, నీకెరికేనా? ఇద్దరి బరువు ఒక్కన్నే ఎత్తేటోన్ని. ఇగ గా స్టూలు మీద కూసోబెట్టిన్రు. కొత్త పోరగాళ్లు నా ముంగట్నుంచే బస్తాలెత్తుకపోతుంటే సూడలేకపోయేది. బాత్‌రూంల పోయి ఏడ్సేది."

"నాకెందుకు చెప్పలే నాయినా?"

"నువ్వు ఆడుకుంటున్నవ్ గద బిడ్డా. ఏం చెప్పాలె."

నేను ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను. దానికోసం చాలా వంగాల్సి వచ్చింది. టీ కొట్టు దగ్గర హమాలీలు చూస్తున్నారు. నాయిన టీ అయిపోయేదాకా కూర్చుని, మిషన్ ఆపి వచ్చానని లేచి లోపలికి పోయాడు.

నేను మిర్యాలగూడలోనే ఉండిపోయాను. నాయిన ఉండే కిరాయి గదిలోకి అమ్మను కూడా తెచ్చుకున్నాం. బస్టాండు దగ్గర ఒక బట్టల దుకాణంలో చీరల సెక్షన్లో పనిచేస్తున్నాను. పై అరల్లో చీరలు అందుకోవడానికి మిగతా పిల్లలకు స్టూలు కావాలి, నాకక్కర్లేదు. అక్కడ నన్ను పొడుగక్క అంటారు. మొదట్లో ఒళ్లు మండేది, ఇప్పుడు పలుకుతున్నాను. మెట్లెక్కేటప్పుడు మోకాలు నొస్తుంది. టీవీలో ఏ ఆట వచ్చినా లేచి బయటికి పోతాను. ఆ పిల్ల కొత్త జట్టు జెర్సీ వేసుకున్న ఫొటో కేరళ స్నేహితురాలు పంపింది. పెద్దది చేసి పాదాలు చూశాను. ఎడమ మడమ మీద బరువు ఎక్కువ మోపుతోంది. ఎవరైనా చెప్తే బాగుండు, అది మోకాలికి మంచిది కాదు. చెప్పడానికి నా దగ్గర ఆ పిల్ల నంబరు లేదు. మేడం దగ్గర ఉంటుంది.

మేడం నెలకోసారి ఫోన్ చేస్తుంది. బడిలో ఆదివారాలు వచ్చి చిన్నపిల్లలకు నేర్పమంటుంది. గేటు దగ్గర నీ పేరు చెప్పి ఉంచాను, ఎవరూ ఆపరు అంటుంది. చూస్తాను మేడం అంటాను. ఇంతవరకూ సూర్యాపేట బస్సు ఎక్కలేదు. పోయిన ఆదివారం స్నానం చేసి, బూట్లు సంచిలో పెట్టుకుని బస్టాండు దాకా పోయాను. బస్సు వచ్చింది, నిండుగా ఉంది, వెళ్లిపోయింది. ఇంకో బస్సు వెనకే వస్తుందని కండక్టర్ కేక వేసి చెప్పాడు. కాసేపు నిలబడి, కూరగాయలు కొనుక్కుని ఇంటికి వచ్చాను.